ఆ లింకు పంపింది మీ అన్నయ్య

పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు. మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు మీ గ్రూపు గురించే. రేడియోహెడ్ బ్యాండు అభిమానులు పద్నాలుగు మంది, తలా ఒక దేశంలో ఉంటారు. 2016 మేలో ‘ఎ మూన్ షేప్డ్ పూల్’ ఆల్బం వచ్చిన వారంలో ఆన్‌లైన్‌లో కలిసిన పరిచయం ఇన్నేళ్లుగా తెగకుండా నడుస్తోంది. ఏడేళ్లు స్టేజీ ఎక్కని బ్యాండు 2025 నవంబర్ 4న మాడ్రిడ్‌లో మళ్లీ కచేరీ మొదలుపెట్టింది. ఆ రాత్రి మీరంతా నిద్ర మానుకుని, హాల్లో ఉన్నవాళ్లు ఒక్కో పాట పేరూ పంపుతుంటే చదువుతూ కూర్చున్నారు. మొదటి పాట ‘లెట్ డౌన్’ అని తెలిసేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా మీకు ఏడుపు ఆగలేదు. ఆ చప్పుడుకి మీవారు లేచి వచ్చారు. ఫోన్ మీద గ్రూపు లేదు. ఆ గ్రూపులోని ఒకాయనకు విడిగా మీరు రాసిన మాట ఉంది: “నీతో మాట్లాడుతుంటే మా ఇంట్లో ఉన్నట్టుంటుంది.”

ఆ రోజు నుంచి ఇంట్లో ముభావం. ఆ గ్రూపులోంచి వచ్చెయ్యమని ఆయన అంటున్నారు. రావాలా, నేను చేసింది తప్పా అని మీరు అడిగారు.

రానక్కర్లేదు. తప్పు కాదు. ఆ ఫోన్ ఆయన చేతిలో పెట్టి మొత్తం చదువుకోమనాల్సిన పని కూడా లేదు. పదహారేళ్లు కాపురం చేసిన మనిషి తన నిజాయితీకి రుజువులు చూపించుకుంటూ బతకకూడదని నా గట్టి నమ్మకం. మీ ప్రశ్నకు నా జవాబు ఇంతే. మీవారి మనసు కష్టపడిన మాట వాస్తవం, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నన్ను ఆపింది నాలుగో పేజీ అడుగున మీరు రాసిన రెండు ముక్కలు. “ఈ బ్యాండుని నాకు అలవాటు చేసింది మా అన్నయ్య. అమ్మ పోయాక మాకు మాటల్లేవు, అది వేరే విషయం.” ఆ వేరే విషయం ఏమిటో రాయమని మీకు మళ్లీ రాశాను. మీ రెండో ఉత్తరం ఏడు పేజీలు వచ్చింది. అందులో గ్రూపు ఊసు దాదాపు లేనట్టే.

ఆ ఏడు పేజీల్లోంచి పాఠకులకు అవసరమైనంత వరకే చెబుతాను. 1997లో ఈ బ్యాండు ఆల్బం ‘ఓకే కంప్యూటర్’ వచ్చినప్పుడు మీకు పదమూడేళ్లు, మీ అన్నయ్యకి పదిహేడు. క్యాసెట్ ఒకటే, వాక్‌మన్ ఒకటే, చెవిలో పెట్టుకునేవి రెండు. కుడివైపుది ఆయనకి, ఎడమవైపుది మీకు. అందుకని కొన్ని పాటల్లో గిటార్ ఒక పక్కనే వినిపించి, రెండో పక్కన ఏముందో చాలా ఏళ్ల దాకా మీకు తెలియలేదు. ఈ వాక్యం చదివి నేను కాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను.

తర్వాత చదువులు, ఉద్యోగాలు, పెళ్లిళ్లు. ఆయన వేరే దేశం వెళ్లిపోయారు. 2016లో ఆ ఆల్బం వచ్చిన రాత్రి ఇద్దరూ ఫోన్ చెవిన పెట్టుకుని, ఇటూ అటూ ఒకేసారి మొదలుపెట్టి విన్నారు. ఆఖరి పాట ‘ట్రూ లవ్ వెయిట్స్’. బ్యాండు ఆ పాటని 1995లోనే స్టేజీ మీద పాడింది. 2001లో ఒక కచేరీ రికార్డింగుగా బయటికొచ్చింది. స్టూడియోలో చేసిన పాటగా ఆల్బంలోకి రావడానికి ఇరవయ్యొక్క ఏళ్లు పట్టింది. పాత రికార్డింగులో గిటార్ మీద విన్న పాటే ఈసారి పియానో మీద వచ్చింది. పాట అయిపోయాక ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. “పెట్టేయనా?” అన్నాడు అన్నయ్య. “ఊఁ” అన్నారు మీరు. అయినా పది నిమిషాల దాకా ఎవరూ పెట్టెయ్యలేదు.

అలాంటి అన్నాచెల్లెళ్లు మూడేళ్లుగా మాట్లాడుకోవడం లేదు.

అమ్మ ఆసుపత్రిలో ఉన్నది పంతొమ్మిది రోజులు. మొదటి వారంలో అన్నయ్య ఫోన్ చేసి బయల్దేరనా అని అడిగితే, “ఇప్పుడే అక్కర్లేదు, అంత కంగారు లేదు” అని చెప్పింది మీరు. అప్పుడది నిజం కూడా. పన్నెండో రోజున పరిస్థితి మారింది. ఆయనకు సెలవు దొరికి, టికెట్ దొరికి, చేరేసరికి ఇరవయ్యో రోజు. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న మనిషిని పట్టుకుని, చుట్టాలందరి ముందూ మీరన్న మాట: “అమ్మ ఉండగా రానివాడివి ఇప్పుడెందుకొచ్చావు?” ఆయన ఏమీ అనలేదు. జరగాల్సినవన్నీ జరిపించి వెళ్లిపోయారు.

మీ మీద నాకు కోపం లేదు తల్లీ. పంతొమ్మిది రాత్రులు కుర్చీలో కూర్చుని నిద్రపోయిన మనిషి నోట్లోంచి ఆ మాట రావడంలో వింత లేదు. కానీ మొదటి వారంలో రావద్దన్నది మీరేనని అక్కడున్న చుట్టాల్లో ఒక్కరికీ తెలియదు. అన్నయ్యకి తెలుసు. తెలిసీ ఆయన ఆ నలుగురి ముందూ నోరు విప్పలేదు, ‘నువ్వేగా వద్దన్నావు’ అనలేదు. మాట పడి, మీ పరువు కాపాడి వెళ్లాడు. ఈ సంగతి మీ ఏడు పేజీల్లోనూ ఉంది, మీరు మాత్రం దాని మీదుగా దాటుకుంటూ వెళ్లిపోయారు.

ఇంకొకటి కూడా దాటేశారు. 2025 సెప్టెంబర్‌లో బ్యాండు కచేరీలు ప్రకటించిన రోజున మీ ఫోన్‌కి ఒక లింకు వచ్చింది. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు, ఉత్త లింకు. పంపింది అన్నయ్య. మీరు జవాబివ్వలేదు. ఆ లింకు తీసుకెళ్లి గ్రూపులో పెట్టారు. అక్కడ మొదట చెప్పింది మీరేనట, అందరూ మిమ్మల్ని మెచ్చుకున్నారట. రెండేళ్లకు పైగా మాటల్లేని మనిషి, ఆ వార్త కంటపడగానే ముందు మీకు పంపాడు. మీరు దాన్ని పద్నాలుగు మందికి పంచి, పంపినవాడిని వదిలేశారు.

అభిమానుల స్నేహాన్ని నేను తక్కువ చేయడం లేదు. 2009 ఆగస్టులో ప్రాగ్‌లో ఈ బ్యాండు కచేరీని అభిమానులే తలా ఒక కెమెరాతో తలా ఒక చోట నిలబడి చిత్రీకరించారు. ఆ ముక్కలన్నీ కలిపి కూరుస్తుంటే బ్యాండే కచేరీ అసలు శబ్దాన్ని వాళ్ల చేతికిచ్చింది. పూర్తయిన వీడియోని మరుసటి ఏడాది, 2010లో, ఎవరైనా ఉచితంగా చూసేలా పెట్టారు. ఎవరికీ పైసా లాభం లేని పనిని అంత శ్రద్ధగా చేసే మనుషులు దొరకడం అదృష్టమే. అలాంటి మనుషుల మధ్య మీరున్నారు, ఉండండి.

ఇక ఆ ఒకాయన. ఆయనకు తెలుగు రాదు, మీరిద్దరూ రాసుకునేది ఇంగ్లీషులో. అక్కడ భర్తయినా, అన్నయినా, ముక్కూముఖం తెలియనివాడైనా ఒకటే పిలుపు. ఆ వాక్యాన్ని నాకు తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడు మీరు ‘మీతో’ అనలేదు, ‘నీతో’ అని రాశారు. ఏడు పేజీల్లో మీరు ‘నువ్వు’ అన్న మగమనిషి మరొకడే ఉన్నాడు. ‘మా ఇంట్లో ఉన్నట్టుంటుంది’ అన్నారు కదా, అది ఏ ఇల్లు? ఇప్పుడు మీరుంటున్న ఇల్లు కాదు. ఒకే వాక్‌మన్ మీద ఇద్దరు పిల్లలు తలలు ఆనించుకుని కూర్చున్న ఇల్లు. ఆయన వయసు కూడా మీ అన్నయ్య వయసేనని మీరే రాశారు.

మీరు తప్పు చేయలేదన్నాను కదా, ఒక్క విషయంలో ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మ పదహారో రోజు రాత్రి కళ్లు తెరిచి “వాడు బయల్దేరాడా?” అని అడిగింది. అప్పటికి అన్నయ్యకి టికెట్ ఖాయం కాలేదు. మీరు “బయల్దేరాడమ్మా, దారిలో ఉన్నాడు” అన్నారు. అమ్మ తలూపి కళ్లు మూసుకుంది. మళ్లీ అడగలేదు. ఈ సంగతి మీవారికి తెలియదు. అన్నయ్యకి తెలియదు. తెలిసింది ప్రపంచంలో ఒక్కరికి, ఆ గ్రూపులోని ఆయనకి. అర్ధరాత్రి ఆయనకు రాసి గుండె దించుకున్నారు.

అది మీరొక్కరే పంచిపెట్టే సంగతి కాదు. అందులో సగం కొడుకుది. తల్లి తనని అడిగిందని, తను వస్తున్నాడన్న నమ్మకంతోనే వెళ్లిందని తెలుసుకునే హక్కు ఆయనకుంది. అమ్మ ముఖమైనా చూడని మనిషికి దాన్ని అప్పగించి, అమ్మ కన్న మనిషికి ఇవ్వకపోవడం నాకు అన్యాయంగా తోస్తోంది. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు.

మీ బ్యాండు డ్రమ్మర్ ఫిలిప్ సెల్వే గురించి మీకు తెలిసే ఉంటుంది. బ్రిటన్‌లో 1953లో మొదలైన సమారిటన్స్ అనే సంస్థలో ఆయన ఏళ్ల తరబడి స్వచ్ఛందంగా ఫోన్ల దగ్గర కూర్చున్నాడు. బాధలో ఉన్నవాళ్లు ఫోన్ చేస్తే వినడం అక్కడి పని. తీర్పులుండవు. నాదీ వినే వృత్తే కనుక, ముక్కూముఖం తెలియని మనిషి చెవి ఎంతమందిని నిలబెడుతుందో నాకు తెలుసు. మీ స్నేహితుడు ఆ రాత్రి మీకు చేసిన మేలు అదే, ఆయనకు నా నమస్కారం. కానీ విన్నవాడు వినడం వరకే చేయగలడు. ‘చెల్లీ, నువ్వు చెప్పిన అబద్ధం మంచిదే’ అని మీతో అనగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. మీరు మూడేళ్లుగా ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమేనని నాకనిపిస్తోంది.

‘నేనే ఎందుకు ముందు?’ అంటారు. మా అక్కా నేనూ పద్నాలుగు నెలలు ఇదే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాం. కారణం చెబితే నవ్వుతారు, అంత చిన్నది. ఒక మధ్యాహ్నం నేనే నంబరు నొక్కాను. “ఏమే, ఇన్నాళ్లా!” అంది. నేను సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. పైగా మీ విషయంలో ఆ ప్రశ్నే లేదు. ముందు అడుగు ఆయన వేసేశాడు, సెప్టెంబర్‌లోనే. వంతు మీది. దీనివల్ల మీ ఆత్మగౌరవానికి వచ్చే లోటేమీ లేదు. చెల్లెలు అన్నకి జవాబివ్వడం ఎవరి కాళ్ల మీదా పడడం కాదు.

ఆ లింకు కిందే రాయండి. మూడేళ్ల లెక్కలూ సంజాయిషీలూ అక్కడ పెట్టకండి. “చూశాను అన్నయ్యా. జవాబివ్వడానికి ఇన్ని నెలలు పట్టింది. ఎప్పుడు ఫోన్ చెయ్యను?” ఇంత చాలు. ఆయన వెంటనే స్పందించకపోతే మనసు కష్టపెట్టుకోకండి, నాలుగు రోజులాగి మళ్లీ రాయండి. చుట్టాల ముందు అన్నమాటకి ‘తప్పయింది’ అని మాత్రం చెప్పి తీరాలి. రావద్దన్నది మీరేనన్న సంగతి, ఆ రోజు గుమ్మంలో ఉన్న పెద్దవాళ్లలో కనీసం ఒకరికైనా మీ నోటితోనే తెలియాలి. అది ఆయనకు మీరున్న బాకీ.

మీవారి విషయం. ఆ పంతొమ్మిది రోజులూ ఆసుపత్రికీ ఇంటికీ మధ్య తిరిగింది ఆయనే. తర్వాత ఒక రాత్రి మీరు ఏడుస్తుంటే “అయిపోయిందిగా, మర్చిపో” అన్నారని, అప్పట్నుంచి ఆయనతో ఆ ప్రస్తావనే మానేశారని రాశారు. మొరటు మాటే. కానీ ఒక్క మొరటు మాటకి మూడేళ్లు తలుపేసుకుంటే అవతలివాడు తలుపు బయటే ఉండిపోతాడు. ఆయనకి నొప్పి పుట్టించింది పాటలూ గ్రూపూ కావు. తనకు చెప్పని దుఃఖం ఇంకెవరికో చెప్పారని తెలియడం. కూర్చోబెట్టి ఆ వాక్యంలోని ఇల్లు ఏ ఇల్లో చెప్పండి. ఆ వాక్‌మన్ సంగతీ చెప్పండి, పదహారేళ్లలో ఆయనకు ఒక్కసారైనా చెప్పారా?

గ్రూపులోని ఆయనతో విడిగా రాసుకోవడం కొన్నాళ్లు ఆపండి. చెడ్డవాడని కాదు. అన్నయ్యకి చెప్పాల్సిన మాట ఈ రాత్రి కూడా అటే వెళ్లిపోతే, రేపు ఇటు చెప్పాలన్న తొందర మీకు మిగలదు. పాటల గురించి పద్నాలుగు మందిలో ఎంతసేపైనా మాట్లాడుకోండి.

అమ్మ అడిగిన మాట మాత్రం మెసేజ్‌లో రాయకండి. ఫోన్‌లో, గొంతుతో చెప్పండి. ఆయన అవతల ఏమీ అనకుండా ఉండిపోతే కంగారు పడకండి. 2016లో ఆ రాత్రి పది నిమిషాలు ఇద్దరూ లైన్లోనే ఉన్నారు కదా, అలాగే ఉండండి. మీరు మాత్రం ముందు పెట్టెయ్యకండి.