అవ్వ కన్నడం మాన్పించవద్దు

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

ఇంట్లో కూడా పాపతో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమని బడివారు చెప్పారనీ, మీ అత్తగారి కన్నడం, మన తెలుగు, బడి ఇంగ్లిష్ మూడూ కలిసి పిల్ల బుర్ర తికమకపడుతుందేమోనని బెంగగా ఉందనీ రాశావు. నారాయణపేటలో చాలా ఏళ్లు పంతులుగా పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఏ భాషనూ మాన్పించకు.

నీ భయం పాతదే. 1920లలో బ్రిటన్‌లోని వేల్స్‌లోనూ, మరికొన్ని చోట్లా జరిగిన తెలివి పరీక్షల్లో రెండు భాషల పిల్లలు వెనకబడ్డట్టు తేలింది కానీ, ఆనాటి పరీక్షల్లో చాలావాటిలో ఆ పిల్లల ఇళ్ల పేదరికాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 1962లో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కెనడాలోని మాంట్రియల్‌లో ఆర్థిక స్థితి ఇంచుమించు సమానంగా ఉన్న పదేళ్ల పిల్లలను పోల్చి చూసినప్పుడు, ఫ్రెంచి, ఇంగ్లిష్ రెండూ బాగా వచ్చినవారే ముందున్నారు.

మనకు దగ్గరి సాక్ష్యం హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా, అంటే ముదిరే మతిమరుపు జబ్బు, వచ్చిన 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే భాష మాట్లాడేవారికన్నా రెండో భాష కూడా మాట్లాడేవారిలో ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు కనిపించింది. అక్షరం రాని వారిలోనూ ఆ తేడా ఉండటం వల్ల దానిని చదువు ఖాతాలో వేయడానికి వీలులేకపోయింది. అయితే రెండు దాటి మూడు, నాలుగు భాషలు వచ్చినంత మాత్రాన అదనపు లాభమేమీ కనిపించలేదు కనుక, తెలివి పెరుగుతుందని పాపను ఫ్రెంచి ట్యూషన్‌లో చేర్పించాలన్న అల్లుడి ఆలోచనకు ఇందులో ఆధారం లేదు. పైగా, పెద్దలపై జరిగిన 152 అధ్యయనాలను కలిపి 2018లో లెక్క చూసినప్పుడు, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి వంటి వాటిలో రెండు భాషలవారికి నికరమైన ఆధిక్యం తేలలేదు. కాబట్టి పిల్ల మేధావి అవుతుందని ఆశపడకు; మొద్దు అవుతుందని భయపడనూ వద్దు.

మన పేట చీరల దుకాణంలో ఒక పూట కూర్చుంటే చాలు. అదే షావుకారు ఇంటివారితో మరాఠీలో, మగ్గం నేసే మనిషితో తెలుగులో, కర్ణాటకలోని గుర్మిట్కల్ నుండి వచ్చిన ఆడవారితో కన్నడంలో, మూటలెత్తే ఆటోవాలాతో ఉర్దూలో మాట్లాడుతూనే, అంచు పొడవు కొలవడంలో గాని, బాకీ లెక్కలో గాని ఒక్క రూపాయి తేడా రానివ్వడు. ఎవరితో ఏ భాషో తేల్చుకోవడం మీ పాపకూ అప్పుడే వచ్చింది. మొన్న పండుగకు వచ్చినప్పుడు అవ్వను కన్నడంలో నీళ్లడిగి, వెంటనే నా వైపు తిరిగి చెంబు ఎక్కడుందని తెలుగులో అడిగింది.

ఇక చేయవలసినవి చెబుతాను. మీ అత్తగారిని కన్నడంలోనే మాట్లాడనివ్వు, నువ్వు తెలుగు వదలకు. రాని ఇంగ్లిష్‌లో ముక్కలు ముక్కలుగా పలకరిస్తే పిల్లకు నిండైన వాక్యం ఎక్కడా వినబడదు. ఒకే మాటలో రెండు భాషలు కలిపితే కసరకుండా, అదే మాటను సరిగ్గా తిరిగి చెప్పి ఊరుకో. మూడు భాషల్లో తెలిసిన మాటలన్నీ కలిపి లెక్కించాలి కానీ, ఒక్క ఇంగ్లిష్‌లో తక్కువున్నాయని కంగారు పడవద్దు. పాప తమ్ముడికి, మీ చిన్నవాడికి, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలకకపోతే నింద భాషల మీద వేసి కూర్చోక, మహబూబ్‌నగర్‌లో చెవి పరీక్ష చేయించి పిల్లల డాక్టరుకు చూపించు. వాడిన భాషే నిలుస్తుంది కనుక రోజూ కాసేపు తెలుగు కథ చదివించడం తప్పనిసరి. ఈ ఒక్క విషయంలో నాకు మొండితనం ఉంది.

బడివారితో గొడవ పెట్టుకోకు బిడ్డా. ఇంగ్లిష్ పుస్తకం ఇంట్లో చదివిస్తామని చెప్పు, చదివించు కూడా. లెక్కల్లో పాప తడబడితే మాత్రం, ముందు ఆ ప్రశ్నలో ఏమడిగారో తెలుగులో గాని, అవ్వ దగ్గర కన్నడంలో గాని తన మాటల్లో చెప్పించు; చెప్పగలిగితే లోటు ఇంగ్లిష్ వాక్యం దగ్గర ఉన్నట్టు, చెప్పలేకపోతే లెక్కనే మళ్లీ మొదటి నుండి నేర్పాలి.

ఇట్లు,
నీ మామ