పిట్టకథ చెప్పేముందు

మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. ధర్మరాజుల గుడి దగ్గర జరిగే భారతం ఉత్సవాల్లో మధ్యాహ్నం హరికథకు నిన్ను పిలిచారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. జనాన్ని నవ్వించడం రాదని టెన్షన్ పడుతున్నావట. అందుకే ఈ ఉత్తరం.

అన్నం తిని వచ్చి పందిట్లో కూర్చున్నవాళ్లకు పిట్టకథ లేకపోతే కునుకు పడుతుంది. కాబట్టి మొహమాటపడకుండా నవ్వించు. స్వామిని వడ్డికాసులవాడు అని పిలుచుకునేది మనమే. కుబేరుడి అప్పు ఇంకా తీరలేదా అని హుండీలో కానుక వేస్తూ నవ్వుకునేదీ మనమే. మనింటివాడు అనుకోబట్టే కదా ఆ చనువు!

తిరుమల స్వామి భక్తుడు అనంతాళ్వార్ల కథ ఎత్తుకో. ఆయన చెరువు తవ్వుతూ, నిండు గర్భిణి అయిన ఆయన భార్య మట్టి మోస్తూ ఉంటే, స్వామి పిల్లవాడిలా వచ్చి తట్ట అందుకుంటాడు. ఆళ్వార్లు కసురుతాడు. వాడు వెళ్లినట్టే వెళ్లి, ఆయన చూడకుండా మళ్లీ అందుకుంటాడు. ఆ దొంగచూపులు నీ కళ్లలో చూపించు, ఆడవాళ్లు పడీపడీ నవ్వుతారు. ఆయన గునపం విసరగానే చిడతలు ఆపెయ్. కాసేపు మాట కూడా వద్దు. ఆ తర్వాతే గర్భగుడిలో మూర్తి గడ్డం నుంచి కారిన రక్తం, అద్దిన పచ్చకర్పూరం, ఇవాళ్టికీ మహాద్వారం దగ్గర వేలాడే ఆ గునపం గురించి చెప్పు. అంతసేపూ వాణ్ణి చూసి నవ్వారు కాబట్టి, ఆ దెబ్బ తమ బిడ్డకే తగిలినట్టు ఉలిక్కిపడతారు.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. ఒక ఊళ్లో ముందు వరుసలో ఒక పెద్దాయన నిద్రపోతుంటే, కుంభకర్ణుడు వేంచేశాడని మైకులో అన్నాను. పందిరంతా నవ్వింది. ఆయన లేచి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. రాత్రి కరెంటుకు మోటారు వేసి తెల్లవార్లూ మడికి నీళ్లు కట్టి వచ్చాడని తర్వాత తెలిసింది. మర్నాడు ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. "పర్వాలేదు సామీ" అన్నాడు. కథకు మాత్రం మళ్లీ రాలేదు. ఆ తువ్వాలు దులిపిన చప్పుడు నాకింకా వినిపిస్తుంది. మైకు మన చేతిలో ఉంటుంది, ఆయనకు బదులు చెప్పే వీలుండదు. అది పాపమేనమ్మా. ఎవరి కులం మీదా, ఒంటి మీదా, పేదరికం మీదా నవ్వు పుట్టించకు.

తిరుపతి గంగజాతరలో బూతులు తిట్టరా అంటావేమో. ఆ తిట్లు ఆడపిల్లల్ని చెరిచిన పాలెగాడి కథ నుంచి వచ్చాయి. అమ్మవారు వాణ్ణి వెతుకుతూ కట్టిన వేషాల్నే జాతరలో భక్తులూ మొక్కుకుని కడతారు. వేషం విప్పాక నోరు కట్టేసుకుంటారు. మనకు ఆ వేషమూ లేదు, ఆ మొక్కూ లేదు.

దుర్యోధన వధ రోజున పిట్టకథ పెట్టుకోవద్దు, ఆ రోజు జనం మనసు వేరుగా ఉంటుంది. రెండు పిట్టకథలు రాసి ఉంచు. శనివారం వస్తాను, వింటాను.

మీ మామయ్య