రాత్రయితే బొమ్మ మాయం

ప్రశ్న: మాది నిడమనూరు దగ్గర పల్లె. ఇంటికీ బత్తాయి తోటలోని మోటారు షెడ్డుకూ 260 మీటర్లు. స్టార్టర్ డబ్బా, మోటారు కేబులు రెండుసార్లు ఎత్తుకుపోయారు. అందుకని త్రీ ప్లస్ వన్ కేబుల్ లాగించి షెడ్డు మీద కెమెరా పెట్టించాం. పగలు బొమ్మ వస్తుంది, రంగులు మాత్రం వెలిసినట్టుంటాయి. పొద్దుగూకిందంటే ‘వీడియో లాస్’ అని పడుతుంది. ఒకసారి కెమెరా మార్చినా అదే తంతు. ఇంటికి 400 మీటర్ల దూరంలో ఉన్న గేటు దగ్గర ఇంకోటి పెట్టాలనుంది. ఏం చేయాలి? – ఒక రైతు

జవాబు: ముందు మూడో కెమెరా కొనకండి. పీకేసిన పాతది కూడా బాగానే ఉండి ఉంటుంది, పారేయకుండా దాచండి. సరిగ్గా దొంగలు తిరిగే వేళకే కన్ను మూస్తోందంటే నా అనుమానం కరెంటు మీదే.

మీ కేబుల్లో బొమ్మ మోసే వైరు ఒకటి, పక్కన సన్న తీగలు మూడు. ఆ మూడింట్లో రెండు 12 వోల్టులు మోస్తాయి. తీగ అర స్క్వేర్ ఎంఎం రాగిదే అనుకున్నా, పోను రాను 520 మీటర్లకు 18 ఓములు తగులుతుంది. పగలు కెమెరా 0.12 ఆంపియర్లు తాగితే దారిలో పోయేది 2 వోల్టులే, ఎలాగో నెట్టుకొస్తుంది. చీకటి పడగానే చూపు కోసం లోపలి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి 0.3 తాగితే దారిలోనే ఐదున్నర వోల్టులు మాయం. కెమెరా నోటికందేది ఆరున్నర. చవక కేబుళ్లలో తీగ ఇంకా సన్నం, కొన్నిట్లో రాగి పూత పూసిన అల్యూమినియం. బ్లేడుతో గీకితే ఎర్ర తోలు ఊడి తెల్లగా బయటపడుతుంది.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూడండి. మధ్యాహ్నం షెడ్డెక్కి, కెమెరా పిన్ను దగ్గర మల్టీమీటర్ పెట్టి అంకె రాసుకోండి. తర్వాత కెమెరా ముఖం నిండా మందపాటి తువ్వాలు కప్పండి. రాత్రయిందనుకుని లోపల ‘టిక్’మంటుంది, లైట్లు వెలుగుతాయి. అప్పుడు అంకె ఎంతకు పడిందో చూడండి. బాగా పడిపోతే దొంగ దొరికినట్టే.

మందు ఖరీదైనదేం కాదు. ఇంట్లో 12 బదులు 24 వోల్టుల పవర్ సప్లై పెట్టండి. కెమెరా దగ్గర చిన్న స్టెప్ డౌన్ మాడ్యూల్ పెట్టి 12కు దించండి. వోల్టులు పెరిగితే అదే పనికి ఆంపియర్లు తగ్గుతాయి, దారి నష్టమూ తగ్గుతుంది. మాడ్యూల్ మీది స్క్రూ తిప్పి, మీటర్లో 12 చూశాకే కెమెరాకు కలపండి. తొందరపడి 24 నేరుగా ఇచ్చారో, కెమెరా దాచుకోవడానికి కూడా పనికిరాదు. మూడో తీగ ఖాళీగా ఉంటే దాన్ని నెగెటివ్ తీగతో రెండు చివర్లా జతచేయండి, కొంత కలిసొస్తుంది. షెడ్డులోని కరెంటే వాడొచ్చు కదా అంటారేమో. దొంగ ముందు పీకేది ఆ ఫ్యూజులే. ఇంటి నుంచి, అదీ ఇన్వర్టర్ మీద ఇవ్వడమే మేలు.

ఇక రంగులు వెలవడం మాత్రం వీడియో వైరు సంగతే. దూరం పెరిగే కొద్దీ హెచ్చు ఫ్రీక్వెన్సీలు ముందు అరుగుతాయి, రంగు ఉండేది అక్కడే. అందుకే రంగు ముందు పోయి, ఆకారం తర్వాత పోతుంది. దారిలో టేపు చుట్టిన జాయింట్లుంటే విప్పి చూడండి. వానకు తడిసి లోపలి అల్లిక నల్లబడి ఉంటే అంతమేర కోసేసి సరైన కనెక్టర్లు వేయించండి. ఈ విషయంలో నేనూ దెబ్బతిన్నవాణ్ణే. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు మిగిలిపోయిన డిష్ వైరు లాగి, తెర మీద పొగమంచు తెప్పించి, వారం తర్వాత మొత్తం నా ఖర్చుతో పీకాను. ఆ వైరు నడుమ తీగ ఉక్కు, పైన రాగి పూత. డిష్ సిగ్నల్‌కు అది చాలు, కెమెరా బొమ్మకు చాలదు. అప్పటి నుంచి కొనేముందు తీగకు అయస్కాంతం ఆనిస్తాను. అంటుకుంటే కట్ట అక్కడే పెట్టి వచ్చేస్తాను.

గేటుకు 400 మీటర్లంటే రాగి మాట మరవండి. నెట్‌వర్క్ కేబుల్ హద్దు 100 మీటర్లు. అదే కేబుల్లో కెమెరాకు కరెంటు కూడా పంపే పీవోఈ స్విచ్చులు కొన్నిటికి 250 దాకా లాగే మీట ఉంటుంది, వేగం 10 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. దానితోనూ మీకు అందదు. మీకు కావాల్సింది ఐపీ కెమెరా (నెట్‌వర్క్ మీద బొమ్మ పంపేది), సింగిల్ మోడ్ ఫైబర్ (వెలుగును మోసే సన్నటి గాజు తీగ), రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (నెట్‌వర్క్ సిగ్నల్‌ను వెలుగుగా, వెలుగును సిగ్నల్‌గా మార్చే డబ్బాలు). ఈ ఫైబర్‌కు 400 మీటర్లు లెక్కే కాదు, కిలోమీటర్ల కొద్దీ పోతుంది. ఇంటర్నెట్ వైర్లు లాగే పిల్లగాళ్లే అతుకులు వేసిపెడతారు. ఇనుప తీగ లేని రకం తీసుకుంటే, గేటు దగ్గర పడిన పిడుగు ఆ దారిన ఇంట్లోకి రాదు. అయితే గాజు తీగలో కరెంటు పోదు కాబట్టి గేటు దగ్గర సోలార్ పలక, బ్యాటరీ తప్పవు. వైర్‌లెస్ కూడా ఉంది కానీ ఇవాళ ఖాళీగా కనబడే దారిలో మూడేళ్లకు బత్తాయి కొమ్మ అడ్డం వస్తుంది.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర జిన్నింగ్ మిల్లు మాది. ఒక్క కెమెరా బొమ్మ మీదే అడ్డ పట్టీలు మెల్లగా పైకి పాకుతున్నాయి. ఎందుకు? – మిల్లు గుమాస్తా

జవాబు: ఆ కెమెరాకు కరెంటు వేరే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తోందేమో చూడండి. రెండు చోట్ల ఎర్తులకు తేడా ఉంటే ఆ కరెంటు వీడియో వైరు అల్లికలోంచి పారుతుంది. కాసేపు కెమెరాను 12 వోల్టుల బ్యాటరీ మీద నడపండి. పట్టీలు పోతే అదే జబ్బు, వీడియో వైరులో ఆ కరెంటు దారిని తెంపే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ వేయించండి. పోకపోతే వైరు కనెక్టర్ గానీ కెమెరా ఒళ్లు గానీ ఇనుప స్తంభానికి తగులుతోందేమో చూసి, మధ్యలో రబ్బరు ముక్క పెట్టండి.