ఫ్లోరిడా రిసార్టుల్లో నీళ్ల ఒడ్డున పిల్లల్ని ఆడనివ్వొచ్చా?

పగలు, గట్టుకు కాస్త దూరంగా అయితే పర్వాలేదు. చీకటి పడ్డాక మాత్రం వద్దు, ఎలిగేటర్లు (ఒక రకం మొసళ్లు) వేటకు తిరిగే వేళ అది. అక్కడ ఏ చెరువులోనైనా ఒకటి ఉందనే అనుకోండి.

2016 జూన్‌లో ఓర్లాండో దగ్గర డిస్నీ రిసార్ట్‌లో, రాత్రిపూట నీళ్ల అంచున ఉన్న రెండేళ్ల బాబును ఎలిగేటర్ లాక్కెళ్లింది, బాబు దక్కలేదు. అప్పటి బోర్డులు ఈత వద్దన్నాయే గానీ మొసళ్ల ఊసే ఎత్తలేదు. కంచె, బండరాళ్లు, సరైన హెచ్చరికలు ఆ తర్వాతే వచ్చాయి. అందుకే తల్లిదండ్రులను తిట్టిపోయడం నాకు నచ్చదు.

అయితే, సరదాకి వాటికి బ్రెడ్ ముక్కలు విసిరేవాళ్లను తిట్టొచ్చు. అక్కడది చట్టరీత్యా నేరం. తిండి మరిగిన ఎలిగేటర్‌కు మనుషులంటే బెరుకు పోతుంది, ఆ తర్వాత రిసార్టులో దిగేవాళ్ల పిల్లల దగ్గరికీ వస్తుంది. పెంపుడు కుక్కనూ ఒడ్డున తిప్పకండి.