ఒకే రోజు మండే ఎండ, పిడుగుల వాన అని బులెటిన్‌లో రాస్తే దేన్ని నమ్మాలి?

వాతావరణ శాఖ రాబోయే రెండు మూడు రోజులకు ఇచ్చే అంచనాలో రాయలసీమకు ఒకే రోజున అధిక ఉష్ణోగ్రత అనీ, ఉరుములతో వాన అనీ రాస్తే దేన్ని నమ్మాలని అడిగారు. రెండింటినీ నమ్మాలి. మాది కర్నూలు దగ్గర మిరప వేసే కుటుంబం. ఈ సంగతి నేను కల్లంలో నష్టపోయి తెలుసుకున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక ఏప్రిల్ రోజున బులెటిన్‌లో “ఒకటి రెండు చోట్ల” ఉరుములతో జల్లులు, గంటకు 40–50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు అని ఉంది. మధ్యాహ్నం దాకా ఆకాశంలో మబ్బు తునక కూడా లేకపోవడంతో, మా నాన్న వద్దంటున్నా వినకుండా, ఆరబోసిన కాయ మీద పట్టలు కప్పకుండానే ధర కనుక్కోవడానికి మార్కెట్ యార్డుకు వెళ్లాను. నాలుగు గంటలకు ముందు దుమ్ము లేచింది, తర్వాత వాన దిగింది. నేను తిరిగి వచ్చేసరికి నాన్న ఒంటరిగా కప్పబోయిన పట్ట కంపచెట్టుకు చిక్కి చిరిగి కొట్టుకుంటోంది, కాయ నీళ్లలో తేలుతోంది. వారం తర్వాత ఏరితే సగం తెల్లబారి తాలు (నాసిరకం కాయ) కింద పోయింది. మూడు కిలోమీటర్ల అవతల ఊరిలో చినుకైనా పడలేదు.

నేను “ఒకటి రెండు చోట్ల” అన్న మాటను చిన్న వాన అని అర్థం చేసుకున్నాను. అది వాన బలాన్ని చెప్పే మాట కాదు. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతానికి మించని చోట్ల వాన నమోదవుతుందని దాని అర్థం. “కొన్ని చోట్ల” అంటే 26 నుంచి 50 శాతం.

ఎండకూ వానకూ వైరం లేదు. ఏప్రిల్, మే నెలల్లో తరచుగా విదర్భ వైపు నుంచి కర్ణాటక మీదుగా తమిళనాడు దాకా ద్రోణి (గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ) ఏర్పడినప్పుడు, వాయవ్యం నుంచి వచ్చే పొడి వేడి గాలి, బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి దాని దగ్గర ఎదురుపడతాయి. మధ్యాహ్నపు వేడి ఆ తేమను పైకి ఎగదోస్తే సాయంత్రానికి ఉరుముల వాన తెచ్చే ఎత్తైన క్యుములోనింబస్ మేఘం నిలబడుతుంది. వానతో చల్లబడిన గాలి కిందికి దూకి నేల మీద పరుచుకుంటుంది కనుకనే చినుకు కంటే ముందు ఈదురుగాలి వస్తుంది. పట్టలు ఎగిరిపోయేది అప్పుడే.

అదే బులెటిన్‌లో పశ్చిమ అలజడి (పడమటి నుంచి ఉత్తర భారతానికి మబ్బులూ వానా తెచ్చే వాతావరణ వ్యవస్థ) వల్ల పంజాబ్, ఢిల్లీల్లో ఎండ తగ్గుతుందని ఉంటే, దాన్ని మనకు అన్వయించుకోకూడదు. రాయలసీమ ఉపవిభాగం వరుస మాత్రమే చూడండి. “రోజు” ఉదయం 8:30కు మొదలై మరునాటి 8:30కు ముగుస్తుందని కూడా గుర్తుంచుకోండి; రాత్రి వాన ఆ రోజు లెక్కలోకే వస్తుంది.

ఇప్పుడు నేను ముందు రోజు అంచనాను బట్టి కూలీలను మాట్లాడుకుంటాను, మధ్యాహ్నం నుంచి మూడు గంటల ముందస్తు హెచ్చరికలనూ, పిడుగుల కోసం దామిని యాప్‌నూ చూస్తాను. పసుపు రంగు హెచ్చరిక ఉన్న రోజున రెండు గంటలకల్లా కాయను కుప్ప చేసి, పట్ట అంచుల మీద ఇసుక మూటలు పెట్టిస్తాను. ధర సంగతి ఫోన్‌లో అడుగుతాను.