రెండే మిషన్లు, అయినా మెక్‌మిలన్!

ప్రశ్న: మా తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. ‘కాల్ ఆఫ్ డ్యూటీ 4: మోడరన్ వార్‌ఫేర్’ గేమ్‌లో కెప్టెన్ మెక్‌మిలన్ అంటే పడి చస్తాడు. పక్కన కూర్చుని చూశాను. ఆ స్నైపర్ ఉండేది రెండు మిషన్లలోనే. విలన్‌ను కాల్చేది కూడా ఆయన కాదు, ఆడేవాడే. మరి అంత అభిమానం దేనికి? ఆ మిషన్లు జరిగే ప్రిప్యత్ ఊరు నిజంగా ఉందా? గురి పెట్టేటప్పుడు భూమి తిరగడాన్ని కూడా లెక్కలోకి తీసుకోమంటాడు, అది నిజమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నేను మీ తమ్ముడి పక్షమేనమ్మా. 2007లో వచ్చిన ఆ గేమ్‌లో చాలా భాగం పరుగులు, పేలుళ్లు. 2011లో నడిచే కథ మధ్యలో ఉన్నట్టుండి పదిహేనేళ్లు వెనక్కి, 1996 నాటి ఉక్రెయిన్‌లోని ప్రిప్యత్‌కు వెళుతుంది. అక్కడ మనం లెఫ్టినెంట్ ప్రైస్. ఎదురుగా ఉన్న గడ్డి దుబ్బు లేచి నిలబడితే గానీ అక్కడ మనిషి ఉన్నాడని తెలియదు. ఆయనే మెక్‌మిలన్. స్కాట్లాండ్ యాసలో, గుసగుసగా మాట్లాడతాడు. ఒంటి నిండా గడ్డీ గాదం కప్పుకునే ఆ ‘గిల్లీ సూట్’ కూడా స్కాట్లాండ్ వేటగాళ్లదే. 1900లో అక్కడివాళ్లతో ఏర్పడిన లోవట్ స్కౌట్స్ దళం దాన్ని యుద్ధంలోకి తెచ్చింది.

ఈసారి మీ తమ్ముడు ఆడేటప్పుడు పొలం దగ్గర జాగ్రత్తగా చూడండి. ఎదుటి నుంచి కవచ వాహనాలు, వాటి వెంట వరస కట్టిన సైనికులు వస్తుంటారు. పారిపోవడానికి టైమ్ లేదు. పడుకో, కదలకు అంటాడు మెక్‌మిలన్. బూట్లు మన తల పక్కనుంచే వెళుతుంటాయి. తుపాకీ చేతిలోనే ఉంది, శత్రువు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు, ట్రిగ్గర్ నొక్కామా ఇద్దరం పోయినట్టే. ఎవరైనా మన మీదికే వస్తుంటే అంగుళం అంగుళం పక్కకు పాకాలి. ఆ టెన్షన్ ఏ బాంబు పేలుడులోనూ రాదు. ఇంకో చోట ఒక కుక్క శవాన్ని పీక్కుతింటూ ఉంటుంది. దాని జోలికి పోవద్దు, చుట్టూ తిరిగి రా అంటాడు. ఎవరిని కాల్చాలో మాత్రమే కాదు, ఎవరిని వదిలేయాలో కూడా చెబుతాడు. కాల్పుల గేమ్‌లో కాల్చకుండా ఉండటాన్ని ఒక విద్యగా నేర్పిన గురువు ఆయన. నా దృష్టిలో ఆ అభిమానానికి అసలు కారణం ఇదే.

రెండో కారణం తర్వాతి మిషన్‌లో ఉంది. అణు ఇంధన కడ్డీల బేరానికి వచ్చిన విలన్ ఇమ్రాన్ జఖాయేవ్‌ను హోటల్ పైఅంతస్తు నుంచి భారీ బారెట్ తుపాకీతో మనం కాలుస్తాం. దూరం, గాలి సంగతి పక్కనుంచి చెప్పేది మెక్‌మిలన్. నిజం స్నైపర్లు కూడా ఇలా జంటగానే పని చేస్తారు. ఒకరు గురి పెడితే, రెండోవారు చుట్టుపక్కల కనిపెట్టి చూస్తుంటారు. తప్పించుకుని వస్తుంటే ఒక హెలికాప్టర్ కూలి ఆయన కాలు దెబ్బతింటుంది. అక్కడ కథ తిరగబడుతుంది. అప్పటిదాకా ఆయన అడుగులో అడుగేసిన మనమే ఇప్పుడు ఆయన్ని భుజాన మోయాలి. మోస్తున్నంతసేపూ కాల్చలేం. కాల్చాలంటే ముందు ఆయన్ని ఎక్కడైనా చాటున దించాలి. దించినా ఊరికే ఉండడు, పడుకునే తుపాకీ పేలుస్తాడు. గురువుని దింపడం, శత్రువుల్ని ఆపడం, మళ్లీ భుజానికెత్తుకోవడం... ఇంత చేశాక ఆ మనిషి మీద మమకారం పుట్టకుండా ఉంటుందా? తర్వాతి కాలంలో కెప్టెన్ అయిన ప్రైస్‌కు అంత నిబ్బరం ఎక్కడిదో కూడా ఇక్కడే తెలుస్తుంది.

ఊరు నిజమే. చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ఉద్యోగుల కోసం 1970లో కట్టారు. 1986 ఏప్రిల్ 26న నాలుగో రియాక్టర్ పేలింది. మర్నాడు మధ్యాహ్నం బస్సుల్లో ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. దాదాపు 49,000 మంది. ఆ రెండో మిషన్‌లో చివరి పోరు జరిగే జెయింట్ వీల్ కూడా నిజంగా ఉంది. దాన్ని ఆ ఏడాది మే 1న ప్రారంభించాల్సింది. ఇంకో నాలుగు రోజులు ఆగితే పిల్లలు ఎక్కేవారు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నేను ఆ చోటుకి వచ్చినప్పుడల్లా కాసేపు ఆగి దాన్ని చూస్తాను.

భూభ్రమణం మాట కూడా నిజమే. దాన్ని కొరియాలిస్ ప్రభావం అంటారు. ఉత్తరార్ధగోళంలో తూటా కాస్త కుడివైపుకు జరిగినట్టు కనిపిస్తుంది. ప్రిప్యత్ ఉన్న అక్షాంశంలో వెయ్యి మీటర్ల దూరానికి ఆ తేడా బెత్తెడు, లేదంటే ఇంకాస్త ఎక్కువ. అసలు ఇబ్బంది గాలితోనే. ఓ మోస్తరు గాలి వీచినా తూటా అంతకు ఎన్నో రెట్లు పక్కకు పోతుంది.

మీ తమ్ముడికి ఆ షాట్ కుదరకపోతే ఒక మాట చెప్పండి. జఖాయేవ్ దగ్గర ఎగిరే జెండా మీద కన్నేసి ఉంచాలి. అది కిందికి వాలుతున్నప్పుడు కాల్చాలి. మరీ ఆలస్యం చేస్తే అతను వెళ్లిపోతాడు. గుండెకే గురిపెట్టినా పోయేది ఎడమ చెయ్యే, కథ ముందుకు సాగాలంటే జఖాయేవ్ బతకాలి మరి. 2011లో వచ్చిన ‘మోడరన్ వార్‌ఫేర్ 3’ కూడా ఆడమనండి. అందులో మెక్‌మిలన్ కనిపించడు గానీ, ‘బేస్‌ప్లేట్’ అనే సంకేతనామంతో రేడియోలో ప్రైస్‌తో మాట్లాడతాడు.