జడ్చర్ల–మహబూబ్‌నగర్ రోడ్డు హైవే కోసం వేసింది కాదు

"మహబూబ్‌నగర్ జిల్లా కేంద్రం కదా, హైదరాబాద్–బెంగళూరు హైవే ఊరి బయట నుంచే ఎందుకు పోతుంది? జడ్చర్ల నుంచి వచ్చే రోడ్డును ఆ లోటు తీర్చడానికే వేశారా?" అని అడిగారు. నేను జడ్చర్లను ఆనుకుని ఉన్న బాదేపల్లిలో పెరిగాను. డిగ్రీ చదివినన్నాళ్లూ ఆ రోడ్డు మీదే పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, వెళ్లొచ్చాను.

అందుకోసం వేసింది కాదండీ. ఆ పదిహేను కిలోమీటర్లూ పాత హైదరాబాద్–రాయచూరు దారిలో భాగం. 1956 దాకా రాయచూరు కూడా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. అక్కడికి పోవాలంటే కృష్ణ దాటాలి కాబట్టి దేవసూగూరు దగ్గర నిజాం హయాంలోనే పెద్ద వంతెన కట్టారు. రాష్ట్రాలు విడదీసినప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి పోయింది కానీ, మా ఇంట్లో పెద్దవాళ్లకు అది ఎప్పటికీ రాయచూరు రోడ్డే.

బెంగళూరు వైపు పోయే కర్నూలు దారి వేరు. అది జడ్చర్ల దగ్గర విడిపోయి భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు మీదుగా బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంది. పాలమూరు మీదుగా తిప్పితే చుట్టు అవుతుంది. 7వ నంబరు హైవే అదే, 2010లో నంబర్లన్నీ మార్చినప్పుడు 44 అయింది. రైలు మాత్రం పాలమూరు మీదుగానే గద్వాల, కర్నూలు పోతుంది. అందుకే మా చిన్నప్పుడు దూర ప్రయాణమంటే పాలమూరు స్టేషనే గుర్తొచ్చేది.

మన రోడ్డు చాలాకాలం రాష్ట్ర రహదారిగానే ఉంది. తర్వాత 167వ జాతీయ రహదారిలో కలిసింది. ఇప్పుడదే నంబరు కల్వకుర్తి, దేవరకొండ, మిర్యాలగూడ మీదుగా కోదాడ దాకా పోతుంది.

నంబరు మారినా రోడ్డు మీది బరువు తగ్గలేదు, నా బాధ అదే. రాయచూరు లారీలు, కాలేజీ పిల్లలు, షేర్ ఆటోలు, ఆసుపత్రికి పోయేవాళ్లు, అందరూ ఒకే దారిలో. అప్పన్నపల్లి రైల్వే వంతెన దగ్గర రోడ్డు ఒక్కసారిగా ఇరుకయ్యేది. పరీక్ష రోజు బస్సు అక్కడ ఆగిందంటే ఒకటే టెన్షన్. పక్కన రెండో వంతెన వచ్చాక ఆ ఇబ్బంది చాలా తగ్గింది. కానీ ఒకప్పుడు రోడ్డుకు అటూ ఇటూ పొలాలుండేవి, ఇప్పుడు వరసగా వెంచర్లు. ఊరు జడ్చర్ల వైపే పెరుగుతోంది కాబట్టి, లారీలకు ఊరి బయట నుంచి వేరే దారి ఉండాల్సిందేనని నేను గట్టిగా నమ్ముతాను.

మీరు పాలమూరు నుంచి కర్నూలు వైపు వెళ్తుంటే మాత్రం జడ్చర్ల దాకా వెనక్కి రానక్కర్లేదు. భూత్పూర్ రోడ్డు పట్టుకుంటే నేరుగా 44 మీద కలుస్తారు.